ఇంటిపెద్ద మాట

నా భార్య సుమిత్రను చంపింది నా కొడుకు. అమీర్‌పేట నుంచి యూసుఫ్‌గూడ దాకా ఈ సంగతి తెలియని క్రైస్తవుల ఇల్లు లేదు. అందరికీ చెప్పింది నేనే.

కొత్తగా చదివేవారికి నాలుగు మాటలు చాలు. నా పేరు కృపావరం. దర్జీని. నా ఒక్కగానొక్క కొడుకు జీవానందం పద్దెనిమిదో ఏట నాతో చెప్పకుండా నౌకాదళంలో చేరాడు. 1944 ఫిబ్రవరిలో బర్మా తీరం దగ్గర వాడి ఓడ మునిగింది. ఆచూకీ లేదని తంతి వచ్చింది. పదకొండో రోజున సుమిత్ర పోయింది. ఏప్రిల్‌లో రెండో తంతి వచ్చింది. వాడు బతికే ఉన్నాడట. నేను ఒక కార్డు రాశాను. "మీ అమ్మ పోయింది. నువ్వు రావద్దు." ఇరవై నెలలు వాడు రాలేదు. యుద్ధం ముగిశాక, ఈ డిసెంబరులో, రెండేళ్ల పాటు అండమాన్‌కు వేశారని కాగితం పట్టుకుని గురువారం నాడు గుమ్మంలో నిలబడ్డాడు. సోమవారం సాయంత్రం ఐదింటికి సికింద్రాబాద్‌లో మద్రాసు బండి. అంతవరకు వరండాలో పడుకోమన్నాను. లోపలి గది తలుపు తియ్యవద్దన్నాను.

ఇది ఆ సోమవారం సంగతి.

పొద్దున్నే మిషను ముందు కూర్చున్నాను. వాడి బట్టలకు పేర్లు కుట్టడం మిగిలింది. ఓడ మనుషుల బట్టలన్నిటి మీద పేరూ నంబరూ ఉండాలట. చొక్కా మీద, లాగు మీద, దుప్పటి మీద, ఆఖరికి తువ్వాలు మీద కూడా. ఎర్ర దారంతో కుట్టాను. నేను చేసిన ఈ పనిని ఎవరూ ప్రేమ అనుకోవద్దు. వేసిన కుట్టు ఊడిపోతే బాగుచేసేవాడు లేని చోటికి నా ఇంటి బట్ట పోతున్నది. ఊడిపోతే చెడ్డపేరు నాకు.

వాడు గుమ్మం దగ్గర చతికిలబడి సంచీ సర్దుతున్నాడు. పడుకునే కాన్వాసు గుడ్డ, దోమతెర, చలిజ్వరానికి కొయినా మాత్రల సీసా, సబ్బు. సూదులూ దారాలూ గుండీలూ పెట్టుకోవడానికి నేను కుట్టిచ్చిన గుడ్డచుట్ట. అన్నీ ఒకటి తర్వాత ఒకటి, లెక్కగా. చిన్నప్పుడు పలక ఎక్కడ పెట్టాడో గుర్తులేని పిల్లవాడు. వాడి చేతులు నేను సరిగ్గా చూసింది ఆ పొద్దునే. మణికట్టు నుంచి వేళ్ల దాకా చర్మం ముడుచుకుపోయి, మెరుస్తూ ఉంది. నూనె మంటల్లో కాలిందని గురువారమే చెప్పాడు. నేను ఏమీ అడగలేదు.

"అండమాన్ల ఎనిమిది నెలలు ఒకటే వానలట నాయినా," అన్నాడు. "పెట్టెల ఉన్న బట్టలు సుత బూజు పడుతయట. జపానోళ్లు పోయినంక తిండి సుత సరిగ్గ లేదు. జనం గడ్డలు ఉడకేసుకొని తిన్నరట."

"నీకు పెట్టరా?"

"మాకు పెడుతరు. మాది ఓడల వస్తది."

"అయితె వాళ్ల ఫికర్ నీకెందుకు?"

వాడు దోమతెర మడత సరిచేశాడు. నేను మైనపు గుడ్డ తీశాను. శనివారం సికింద్రాబాద్ లష్కర్ బజారు దాకా నడిచిపోయి తెచ్చిన గుడ్డ. వాడి మందపు కోటుకు లోపలి పక్క జేబు పెట్టి, దానికి ఈ గుడ్డ అస్తరు వేస్తే, పీకల్లోతు నీళ్లలో నిలబడ్డా లోపలి కాగితం తడవదు.

పీకల్లోతు నీళ్లు అన్న మాట నాకు మంచిది కాదు. సుమిత్ర చివరి పదకొండు రోజులూ నీళ్లు తాగలేదు. గ్లాసు నోటి దగ్గర పెడితే పక్కకు తిరిగేది. "వాడు నీళ్లల్ల ఉన్నడు. నాకు నీళ్లెట్ల దిగుతయ్?" అనేది. మొదటి రెండు రోజులు బతిమాలాను. మూడో రోజు తిట్టాను. తడిగుడ్డతో పెదవులు తుడిస్తే అది కూడా ఉమ్మేసింది. డాక్టరు రోజూ వచ్చి ఉప్పునీళ్ల సూది ఎక్కించి పోయేవాడు. ఆమె పోయిన తర్వాత ఈ ఇంట్లో నేను గ్లాసు ఎత్తినప్పుడల్లా లోపలి గదిలో మంచం కిర్రుమంటుంది. ఒక మనిషి పక్కకు తిరిగినప్పుడు వచ్చే చప్పుడు. మంచం ఎప్పుడో అమ్మేశాను. చప్పుడు పోలేదు. అందుకే వరండాలోనే తాగుతాను, నిలబడి, గబగబా.

వాడికి ఇవేవీ తెలియవు. తెలియనివ్వలేదు. నీ వల్ల పోయింది అని మాత్రం చెప్పాను. ఆ ముక్క చాలు వాడికి.

పది గంటలకు పక్కింటి షరీఫున్నీసా వచ్చింది. అరవై ఏళ్ల మనిషి. సుమిత్ర ఉన్నన్నాళ్లు ఇద్దరూ గోడ మీద మోచేతులు ఆనించుకుని రోజుకు గంట మాట్లాడుకునేవారు. ఇప్పుడు ఆమె చేతిలో పచ్చడి జాడీ.

"తీస్కో బేటా, నిమ్మకాయ తొక్కు. మూతికి మైనం పెట్టిన. ఎంత తుఫానొచ్చినా తొక్కుకేం గాదు. నువ్వు జర జాగ్రత్త."

వాడు నవ్వాడు. ఇంట్లో నవ్వు వినిపించి చాలా కాలమైంది. నాకు నచ్చలేదు.

"ఆపా, గవేం మాటలు?" అన్నాను.

"అరె, హసీకి, నవ్వుకు అన్న భాయ్! నీ మూతికి సుత మైనం పెట్టిన్రా ఎవరన్న?" అని అక్కడే పీట లాక్కుని కూర్చుంది. "మా ఆయన మూడున్నరకు టాంగా కట్టుకొని వస్తనన్నడు. ప్రార్థన గప్పటికి అయిపోతదా?"

"అవుతది."

ఆ ప్రార్థన నేను పెట్టించింది కాదు. పాస్టరు జ్ఞానరాజుగారు పట్టుపట్టారు. మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. దూరం పోయేవాడి ఇంట్లో అందరూ కూడుతారు. పాస్టరు నోరు తెరిచేముందు ఇంటిపెద్ద లేచి, పోయేవాడి మీద తన మనసులో ఏదైనా ఉంటే అందరి ముందు చెప్పి అక్కడే వదిలెయ్యాలి. మనసులో పెట్టుకుని సాగనంపితే ఆ ప్రార్థన చెల్లదంటారు. దాన్ని ఇంటిపెద్ద మాట అంటారు. ఎక్కువమంది "నా మనసుల ఏం లేదు" అని కూర్చుంటారు. నేనూ అట్లాగే అని కూర్చుందామనుకున్నాను. అబద్ధమే. అయినా వాడు పోతున్నాడు కదా.

అంతకు ముందురోజు, ఆదివారం, గుడిలో వాడి పక్కన ఎవరూ కూర్చోలేదు. ముసలమ్మలు బల్ల మారారు. వాడు పాటలన్నీ ఒక్కడే నిలబడి పాడాడు. నేను ముందు బల్ల మీద ఉన్నాను. వెనక్కి చూడలేదు.

కోటు జేబు అయిపోయింది. దారం కొరికి వాడి వైపు విసిరాను.

"గిదేంది?" అని లోపల చెయ్యి పెట్టి చూశాడు.

"కాగితాలకు. తడవయి."

"ఉత్తరాలు పెట్టుకోవచ్చు."

"నీకెవరు రాస్తరు?"

వాడు కోటు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత తల ఎత్తకుండా అడిగాడు.

"నాయినా, ఒక్క మాట అడుగుత. కోపం చెయ్యకు. ఆసుపత్రిల ఉన్నప్పుడు నేను పంపిన ఉత్తరం మీకు ముట్టలేదా?"

మిషను చక్రం మీద నా చెయ్యి ఉంది. అది అక్కడే ఉంది.

"ఏ ఉత్తరం?"

"జాలర్లు నన్ను తీసి ఒడ్డుకేసిండ్రు. చిట్టగాంగు పక్కన చిన్న ఆసుపత్రి. నా పేరు ఓడోళ్ల పట్టీకి ఎక్కేసరికి రెండు నెలలాయె గని, నాకు తెలివొచ్చిన దినమే ఉత్తరం పంపిన. ఫిబ్రవరి తొమ్మిది, బుధవారం. నర్సమ్మను అడిగి తారీకు రాయించిన. రెండే ముక్కలు. నేను బతికే ఉన్న, అమ్మను ఫికర్ చెయ్యొద్దని చెప్పు, అని." వాడు ఒళ్లోని కోటు జేబు నొక్కాడు. "గా ఉత్తరం ముట్టి ఉంటె అమ్మ ఉండేది కద? తొవ్వల ఏడ్నో పోయినట్టున్నది. రెండేండ్ల నుంచి గదే అనుకుంటున్న. రెండోది సుత పంపి ఉంటె బాగుండు. ఒకటి పంపి ఊకున్న. నువ్వన్నది నిజమే. నా వల్లనే పోయింది."

పొమ్మనడానికి నాకు ఇంతకంటే మంచి మాట దొరకదు. నేరం వాడే ఒప్పుకున్నాడు. సంచీ కట్టి, టాంగా ఎక్కించి, తలుపేసుకుంటే అయిపోయేది.

"రాలేదు," అన్నాను.

షరీఫున్నీసా జాడీ మూతి తుడుస్తున్నది. ఆ కొంగు ఆగింది.

"ఏం రాలేదు భాయ్?"

"నువ్వు ఇంటికి పో ఆపా."

"ఉత్తరం రాలేదా?" ఆమె పీట మీది నుంచి లేచింది. "కృపావరం భాయ్, నా మొహం చూసి చెప్పు. టపావాలా నా చేతులకే ఇచ్చిండు. నువ్వు సోమాజిగూడల కోట్లు ఇచ్చి రానీకి పోయినవ్. సుమిత్ర కండ్లు మూసుకొని పడున్నది. నువ్వు రాంగనే నేను నీ చేతుల పెట్టిన. అంగి జేబుల పెట్టుకున్నవ్. చదువు భాయ్, ఏమన్న మంచి కబురేమో అన్న. నాకు చదువొస్తె నేనే చదువుదు. యాద్ లేదా?"

వీధిలో ఎవరో గాడిదను అదిలిస్తున్నారు.

"ఏది నాయినా?" అన్నాడు జీవానందం.

"మీ అమ్మ దగ్గర ఉన్నది."

వాడు లోపలి గది తలుపు వైపు చూశాడు.

"అక్కడ గాదు," అన్నాను. "పంజగుట్టల."

పంజగుట్ట బండల అవతల మా సమాధుల తోట. సుమిత్ర అక్కడ ఉంది. శవపెట్టె మూసేముందు నేను ఆ ఉత్తరాన్ని ఆమె తల కింద పెట్టాను. విప్పకుండా. ఐదు రోజులు జేబులో మోసి, అట్లాగే పెట్టాను.

ఎందుకు విప్పలేదో వాడికి చెప్పాను. మా వీధిలో రుద్రమ్మ అని ఒక ముసలిది ఉండేది. ఆమె కొడుకు ఓదెలు ఫౌజులో ఉండి బర్మాలో చనిపోయాడు. కబురు వచ్చిన తర్వాత కూడా నెలన్నర పాటు వాడి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. యుద్ధకాలపు టపా అంతే. అన్నం బాగుంది, దసరాకు వస్తాను, మేకను అమ్మకు అని రాసేవాడు. వీధిలో చదువు వచ్చినవాణ్ణి నేనే కనుక అవన్నీ నేనే చదివి వినిపించాను. మూడో ఉత్తరానికి రుద్రమ్మకు కొడుకు బతికే ఉన్నాడని నమ్మకం కుదిరింది. రోజూ స్టేషనుకు నడిచిపోయి ఫౌజు మనుషుల ముఖాలు తడిమేది. ఆ స్టేషనులోనే పోయింది. చచ్చినవాడి ఉత్తరం మళ్లీ ఈ నోటితో చదవనని అప్పుడు ఒట్టు పెట్టుకున్నాను.

"నీది సుత గట్లాంటిదే అనుకున్న," అన్నాను. "మునగకముందు రాసింది, ఆలస్యంగ వచ్చింది అనుకున్న. చచ్చినోని మాటలు మీ అమ్మకు వినిపించొద్దనుకున్న."

జీవానందం తన చేతులు చూసుకున్నాడు. రెండు అరచేతులూ నా ముందు చాపాడు.

"తెలివొచ్చిన దినం ఈ చేతులు మోచేతుల దాక కట్లల్ల ఉండె నాయినా. ఉత్తరం నేను రాయలే. చెప్పి రాయించిన. కవరు మీద చిరునామా నర్సమ్మ రాసింది. నా రాత నీకు తెల్వదా? నాకు అక్షరాలు దిద్దిపిచ్చిందే నువ్వు."

షరీఫున్నీసా నా వైపు చూస్తున్నది. ఆమెకు చదువు రాదు. ఆమె నుంచి దాచవచ్చు. వీడి నుంచి దాచలేను.

"చూసిన," అన్నాను.

"ఏం చూసినవ్?"

"కవరు మీద రాత నీది గాదని చూసిన. ఇచ్చిన ఘడియలనే చూసిన."

"మరి?"

చెప్పాను. ఒక్కసారే చెప్పాను. తంతిలో ఆచూకీ లేదని ఉంది, చనిపోయాడని లేదు. ఇంకొకరి రాతతో ఉత్తరం వచ్చిందంటే, చనిపోయాడనే కబురే అయి ఉంటుందనుకున్నాను. విప్పితే చదవాలి. చదివితే ఆమెకు చెప్పాలి. చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. రుద్రమ్మ సంగతి నాకు నేను చెప్పుకున్న సాకు. ఐదు రోజులు ఆ కవరు నా గుండెల మీద ఉంది, ఆమె గ్లాసు పక్కకు తోస్తూ ఉంది, నేను రెంటినీ చూస్తూ కూర్చున్నాను. రెండో తంతి వచ్చిన దినమే ఆ కవరులో ఏముందో నాకు తెలిసింది. విప్పకుండానే తెలిసింది. ఆ సాయంత్రమే వాడికి ఆ కార్డు రాశాను.

వాడు ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. షరీఫున్నీసా ఏడ్చింది, కొంగు నోట్లో కుక్కుకుని. తర్వాత జాడీ అక్కడే వదిలేసి గోడ పట్టుకుని గడప దాకా నడిచి అక్కడ కూలబడింది.

"తెలిసినంక సుత," అన్నాడు వాడు. ప్రతి మాటా విడిగా అన్నాడు. "తెలిసినంక సుత అందరికి చెప్పినవ్. నేనే సంపిన్నని."

"చెప్పిన."

"నిన్న గుడిల ఎవ్వరు నా దిక్కు చూడలే. లీలాకుమారి పెద్దమ్మ నన్ను ఎత్తుకొని పెంచింది. ఆమె సుత బల్ల మారింది."

"చూసిన."

"వెనక్కి తిరగనే లేదు గద నువ్వు. ఎట్ల చూసినవ్?"

బల్ల జరిగిన చప్పుడు వినిపించింది అనలేకపోయాను.

వాడు లేచి చొక్కా సవరించుకున్నాడు. ఓడలో నేర్పిన నిలబడటం. నా ఇంట్లో వాడు అట్లా నిలబడటం అదే మొదలు.

"మూడింటికి సంఘం వస్తది," అన్నాడు. "ఇంటిపెద్ద మాట చెప్పాలె గద. గప్పుడు చెప్పు. గిప్పుడు నాకు చెప్పినంత అక్కర లేదు. ఉత్తరం వచ్చింది, నేను విప్పలే, పిల్లగాని తప్పు లేదు. మూడు ముక్కలు. చెప్పినవంటె టాంగా ఎక్కుత. నీకు మళ్ల కనవడమంటె కనవడుత, వద్దంటె లేదు. చెప్పకపోతె నేను పోను."

"పోకుంటె?"

"పారిపోయినోని కింద రాసుకుంటరు. మిలిటరీ పోలీసులొచ్చి ఇదే గుమ్మంల బేడీలేస్తరు. జైలుకు పోత. తల్లిని సంపినోడు అన్న పేరుతోని దీవికి మాత్రం పోను నాయినా. గాడ రెండేండ్లు సముద్రం తప్ప ఏం కనవడది. గా పేరుతోని గా నీళ్లను నేను చూడలేను."

"బెదిరిస్తున్నవా?"

"నీ కొడుకును గద."

నేను మిషను తొక్కడం మొదలుపెట్టాను. దారం లేదు, గుడ్డ లేదు. ఊరికే తొక్కాను.

మూడింటికి వచ్చారు. పాస్టరు జ్ఞానరాజుగారు, ఆయన వెనక ఇరవై మంది. చాపలు పరిచారు. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క. లీలాకుమారి జీవానందానికి ఎదురుగా కాకుండా గోడ మూలకు కూర్చుంది. వాడు నడుమ పీట మీద ఉన్నాడు. పక్కన కట్టిన సంచీ, దాని మీద మడిచిన కోటు. షరీఫున్నీసా గడపలో తలమీద ముసుగుతో కూర్చుని ఉంది. ఇంటికి పొమ్మని రెండుసార్లు సైగ చేశాను. నా వైపు చూడలేదు.

ఒక పాట పాడారు. బయట టాంగా వచ్చి ఆగింది. గుర్రం ముక్కు చీదింది.

"టైమైతుంది," అన్నారు పాస్టరుగారు. "కృపావరం, లే. పిల్లగాడు సముద్రాలు దాటి పోతున్నడు. నీ మనసుల ఏమున్నదో చెప్పి దించుకో. తర్వాత ప్రార్థన చేసుకుందాం."

లేచాను. ఇరవై ముఖాలు. నా మాట విని నా కొడుకును వెలివేసిన ఇరవై ముఖాలు. పాపం అని నా ఇంటికి రెండేళ్లు అన్నం గిన్నెలు పంపిన ముఖాలు. లోపలి గదిలో మంచం కిర్రుమన్నది. ఇంకెవరికైనా వినిపించిందేమో అని చూశాను. ఎవరూ కదల్లేదు.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. జీవానందం మాత్రం లెక్క పెట్టినట్టున్నాడు. కొంతసేపు చూసి, వంగి, బూటు లేసు విప్పాడు. ఒక బూటు తీశాడు. రెండోది తీశాడు. రెంటినీ గోడ పక్కన పెట్టి మళ్లీ పీట మీద కూర్చున్నాడు. పాస్టరుగారు బిత్తరపోయారు.

"ఏంది బిడ్డా? బండికి పోవా?"

"నాయిన చెప్తె పోత అయ్యగారూ."

"ఏం చెప్పాలె?"

"ఆయనకు తెలుసు."

అందరూ నా వైపు తిరిగారు. లీలాకుమారి గోడ మూల నుంచి ముందుకు జరిగింది. గడపలో షరీఫున్నీసా ముసుగు వెనక్కి తోసుకుని మోకాళ్ల మీద చెయ్యి పెట్టి లేవడం మొదలుపెట్టింది. ఆమె పూర్తిగా లేచి నిలబడితే నోరు తెరుస్తుంది. బయట ఆమె భర్త "బండి పోతది భాయ్, జల్ది!" అని అరుస్తున్నాడు.

"సుమిత్ర సంగతి ఈ ఇంట్ల ఎవ్వరు ఎత్తొద్దు," అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. "నా కొడుకు అడిగినా, సంఘం అడిగినా, మీరడిగినా అయ్యగారూ, నేను చెప్పేది ఏం లేదు. ఇయ్యాల గాదు, ఎన్నడు గాదు. నేను చచ్చేదాక ఆ మాట నా నోట రాదు."

జీవానందం బూట్ల వైపు చెయ్యి చాపలేదు; గడపలో షరీఫున్నీసా పూర్తిగా లేచి నిలబడింది.